నాలుగు కాగితాల మందం

ఆటోనగర్, విజయవాడ
జూన్ 12

బావమరిది ఆరోనుకు,

నువ్వు రోజూ మోచేతులు ఆనించి కూర్చునే ఇనప బల్ల కింద ఎప్పుడైనా చెయ్యి పెట్టి తడిమి చూశావా? పైన రంగు నిగనిగలాడుతూ ఉంటుంది. కింద ఏముంది? గ్రైండింగు చెయ్యని వెల్డింగు బుడిపెలు, బ్లేడులాంటి రేకు అంచు, పుట్టీ పూసి దాచిన సొట్టలు. బయట సున్నం, లోపల ఎముకలు ఉన్న సమాధులు అని ప్రభువు తిట్టింది ఆనాటి పెద్దమనుషుల్నే అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ. కాదురా. ముప్పై ఏళ్ళుగా మనం చేస్తున్న ఆఫీసు బల్లల్ని కూడా.

ఫోను చెయ్యకుండా ఈ ఉత్తరం ఏమిటంటావేమో. గ్రైండరు పక్కన ఇరవై ఏళ్ళు నిలబడి నీ చెవులు సగం పోయాయి. నేను ఫోనులో అరిస్తే షెడ్డంతా వింటుంది, నువ్వు తప్ప. మెసేజి పెడితే చదవకుండానే బొటనవేలి బొమ్మ పంపుతావు. అందుకే కాగితం. మన వ్యాను డ్రైవరు సురేష్ వారానికి రెండుసార్లు నీ గోడౌనుకి వస్తాడు గదా, అతని చేతికిస్తున్నాను. పైగా ఈ కాగితంతో పనుంది.

ఒక కోచింగ్ కాలేజీవాళ్ళు తమ బ్రాంచీల ఆఫీసులకు నూట ఇరవై బల్లలు అడిగారు. చెక్కపొట్టు బోర్డు బల్ల ధరకే ఇనప బల్ల కావాలట, చూడ్డానికి దానికంటే బాగుండాలట. మన ఓనరు ఏడుకొండలు గారు నన్ను పిలిచి, "డేనియలూ, రేకు పల్చన చేసెయ్. పైన టేకు డిజైను స్టిక్కరు అంటించెయ్. అయిపోద్ది" అన్నారు. అయిపోద్దట! పల్చటి రేకుతో పాత పద్ధతిలో చేస్తే, కంప్యూటరు పెట్టిన రోజునే ఆ బల్ల ఊయలలా ఊగుతుంది. ఈ మాట చెబితే వినే చెవి ఈ షెడ్డులో ఒక్కటీ లేదు.

ఆదివారం చర్చిలో కూడిక అయ్యాక మీ అక్క శౌరమ్మ చీర అట్టపెట్టె ఒకటి చింపి, మడతలు పెడుతూ కూర్చున్నాను. ఇప్పుడు నువ్వు ఈ కాగితం కింద ఖాళీగా ఉన్న ముక్క చించు. రెండు పుస్తకాల మధ్య వంతెనలా పెట్టు. కుంగిపోతుంది. దాని రెండు అంచులూ వేలు వెడల్పున కిందికి మడిచి మళ్ళీ పెట్టు. పైన నీ తాళాల గుత్తి పెట్టు. నిలబడిందా? అదే కాగితం! రేకూ అంతే. అంచును కిందికి ఒకసారి, లోపలికి ఇంకోసారి వంచితే లోపల పైపు ఫ్రేము అక్కర్లేదు. కోసిన అంచు లోపలికి పోతుంది కాబట్టి ఎవరి చెయ్యీ తెగదు. పక్క పలకల చివర చిన్న చిన్న నాలుకలు వదులుతాను, పై పలకలో వాటికి సరిపడా గాడులు కొడతాను. నాలుక గాడిలో దూరుతుంది, కింద రెండు బోల్టులు, అంతే. ఇరవై ఆరు చోట్ల చేసే వెల్డింగు రెండు చోట్లకొస్తుంది. వెల్డింగు లేకపోతే గ్రైండింగు లేదు, గ్రైండింగు లేకపోతే పుట్టీ లేదు. సొరుగుకి కొనుక్కొచ్చే పిడి కూడా వద్దు, సొరుగు పై అంచునే వేళ్ళు పట్టేలా వంచుతాను. పలకలుగా పేర్చి పంపితే, వ్యానులో పన్నెండు బల్లలు పట్టే చోట నలభై పడతాయి. నీ గోడౌనులో బిగించి మీరే కాలేజీలకు దింపుదురుగాని.

ఏడుకొండలు గారు నా అట్ట బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది పెళ్ళిలో ఇచ్చే స్వీటు డబ్బా కదండీ డేనియల్ గారూ" అన్నారు. అందరూ నవ్వారు.

నాకు ఒళ్ళు మండింది. అన్నాల వేళ షెడ్డులో పదిహేనేళ్ళుగా బైబిలు వాక్యం చెబుతున్నవాణ్ణి. లేచి నిలబడి అన్నాను: "ఈ బల్లల్లో ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, పనికిరాదని ఈ గేటు లోపలికి తిరిగొచ్చిందా, ఆ రోజు నుంచి నేనిక్కడ వాక్యం చెప్పను. నోరు మూసుకుని మూల కూర్చుంటాను." ఏడుకొండలు గారు నా మొహం చూసి, "సరే, ఒక శాంపిలు చెయ్యి" అన్నారు.

డేనియల్


హనుమాన్ జంక్షన్
జూన్ 19

బావగారికి వందనాలు.

చించాను, మడిచాను, తాళాలు పెట్టాను. నిలబడింది. గోడౌనులో మావాళ్ళు ముగ్గురికీ చూపించాను. ఒకడు సెల్‌ఫోను పెట్టాడు, నిలబడింది. ఇంకొకడు టీ గ్లాసు పెట్టాడు, నా ఒళ్ళో పడింది. ప్యాంటు ఉతికించే బాధ్యత మీదే.

స్వీటు డబ్బా అన్నందుకు అంత కోపమెందుకు బావా? ఒక్క వెల్డింగు కూడా లేకుండా కిలో మైసూరుపాకు మోస్తుంది అది. మన బీరువాలకు ఆ గొప్ప ఎక్కడిది?

పని చాలా బాగుంది. నిజంగా అంటున్నాను. కానీ ఆ ఒట్టెందుకు? అవునంటే అవును, కాదంటే కాదు అనాలి, అంతకుమించి ఒట్లు పెట్టుకోకూడదు అని మాకు నేర్పింది మీరు కాదా? యుద్ధం గెలిచొస్తే ఇంటి గుమ్మంలో ముందు ఎదురొచ్చినదాన్ని అర్పిస్తానని మొక్కుకున్న ఆయన కథ మీరు చెప్పిన రోజు అక్క అన్నం తినలేదు. ఎదురొచ్చింది కన్నకూతురు గదా. ఆటోనగర్ గేటులోంచి ఏది ఎదురొస్తుందో మీకేం తెలుసు?

అన్నాల వేళ మీరు మాట్లాడకపోతే, కూర చల్లారకుండా తినొచ్చని సంతోషించేవాళ్ళు నలుగురుంటారు. కానీ ఆ వాక్యం లేకపోతే నేనివాళ జంక్షనులో బ్రాందీ షాపు ముందు పడి ఉండేవాణ్ణి. నన్ను లేపింది అదే. ఆ సంగతి మీరు మర్చిపోయారేమో, నేను మర్చిపోలేదు.

ఆరోన్


ఆటోనగర్, విజయవాడ
జూలై 27

ఆరోన్,

శాంపిలు నిలబడింది. నలుగురు ఎక్కి కూర్చున్నారు. ఐదో మనిషి ఏడుకొండలు గారు. ఆయన బరువు నీకు తెలుసు. బల్ల మూలగలేదు. నాలుక గాడిలో దూరితే మధ్యలో వెంట్రుక పట్టదు. అలా కొట్టించాను. బిగించి రంగు గదికి పంపితే అద్దంలా వచ్చింది.

అయినా నాకు శాంతి ఉందా? మూడు వారాలు స్టిక్కరు గొడవ! "బానే ఉందిగానీ డేనియలూ, టేకు కళ లేదయ్యా" అంటారాయన. నేనన్నాను: "అయ్యా, అరణ్యంలో మోషే దేవుడికి గుడారం కట్టించిన రోజుల్లో దేవుడు తన ఆత్మతో నింపాడని మొదట రాయబడింది ఒక పనివాడి గురించి. బోధకుడి గురించి కాదు, ఇత్తడీ వెండీ పనిచేసేవాడి గురించి. ఇత్తడి ఇత్తడిలాగే ఉంది అక్కడ. దానికి తుమ్మచెక్క స్టిక్కరు ఎవరూ అంటించలేదు!" ఆయన తల పట్టుకుని, "నీతో రేకు గురించి మాట్లాడితే మోషే దాకా పోతావు" అన్నారు. చివరికి లేత బూడిద రంగు బల్ల, ముదురు నీలం సొరుగులు. కాలేజీవాళ్ళు ఫొటో చూసి ఆ పూటే ఒప్పుకున్నారు. ధర కూడా వాళ్ళడిగినదానికి ఒక మెట్టు కిందే తేలింది. ఏడుకొండలు గారు మాత్రం, "మొదటి విడత అరవై వెళ్ళనీ. ఒక్కటి వెనక్కొచ్చినా మళ్ళీ పైపు ఫ్రేమే" అని వేలు చూపించారు. ఇరవై రెండు రోజుల్లో ఒక్క మంచి మాట రాలేదు ఆ నోటి నుంచి.

పలకలన్నీ విడివిడిగా రంగు వేయించి పేర్పిస్తున్నాను. ఆగస్టు ఒకటిన నీకు చేరతాయి. సుత్తి ముట్టుకోవద్దు. అరచేత్తో నొక్కితే చాలు.

డేనియల్


హనుమాన్ జంక్షన్
ఆగస్టు 12

బావగారికి,

అరవై అందాయి. బిగించాం. బందరు బ్రాంచికి ముప్పై, గుడివాడకు ముప్పై వెళ్ళాయి. చూసినవాళ్ళందరూ బాగున్నాయంటున్నారు.

ఒక చిన్న మాట. రెండో విడతకు గాడులు కాస్త వదులుగా కొట్టిస్తే ఎలా ఉంటుంది? మావాళ్ళకు సుళువుగా ఉంటుందని.

ఇక్కడ ఒకటే వాన. అక్కను అడిగానని చెప్పండి.

ఆరోన్


ఆటోనగర్, విజయవాడ
ఆగస్టు 16

వదులా?

ఆరోన్, ఆ మాట రాయడానికి నీ చెయ్యెలా వచ్చింది? ఈ దేశంలో ప్రతిదీ వదులే. బస్సు కిటికీ వదులు, కుళాయి వదులు, మనిషి మాట వదులు. ఇరుకు ద్వారంలో ప్రవేశించమన్నాడు ప్రభువు. విశాలమైన దారి ఎక్కడికి పోతుందో కూడా చెప్పాడు. నేను వెంట్రుక పట్టకుండా కొట్టించిన గాడిని నీ ముగ్గురు సోమరుల సుఖం కోసం వెడల్పు చెయ్యాలా? రేపు ఆ బల్ల గడగడలాడితే, "డేనియల్ బల్ల పళ్ళూడిన ముసలమ్మలా ఉంది" అంటారు ఏడుకొండలు గారు. గాడి ఒక్క నూలు కూడా మారదు. రెండో విడత అరవైకీ అదే కొలతతో పలకలు కొట్టించేశాను. దసరా అయ్యాక రంగు గదికి పంపుతాను.

ఇంకొకటి. స్టోరులోంచి పన్నెండు ఆకురాళ్ళు తెప్పించుకున్నావట. బోల్టులు బిగించేవాడికి ఇనుము అరగదీసే ఆకురాళ్ళెందుకు? జవాబు రాయి.

డేనియల్

తమ్ముడూ, నేను అక్కని. ఈయన స్నానానికి వెళ్తే కింద ఈ రెండు ముక్కలు రాస్తున్నాను. నీ ఉత్తరంలో ఒక్క వేళాకోళం లేదు. ఆవకాయ కూడా అడగలేదు. ఒంట్లో బాగుందా? మళ్ళీ ఆ షాపు వైపు పోవట్లేదు కదా?


హనుమాన్ జంక్షన్
సెప్టెంబరు 28

బావగారికి, అక్కకు,

ఆలస్యమైంది. ఒంట్లో బాగానే ఉంది. ఆ షాపు వైపు పోలేదు అక్కా, ఒట్టు. చూశావా, నాకూ ఒట్ల జబ్బు అంటుకుంది.

ఆకురాళ్ళు వేరే పనికి.

బందరు బ్రాంచిలో ఆఫీసు చూసే రాజ్యలక్ష్మి గారు మన ఆఫీసుకి ఫోను చేశారని విన్నాను. రెండు మూడు బల్లలకు మూలల్లో కాస్త తుప్పు కనిపిస్తోందట. సముద్రం పక్క ఊరు కదా బావా, ఉప్పుగాలి. కిటికీలు తుప్పు పడుతున్నాయి, మన బల్ల ఎంత? నేను చూసుకుంటాను. మీరు శ్రమపడి అక్కడిదాకా పోవద్దు.

ఆరోన్


ఆటోనగర్, విజయవాడ
అక్టోబరు 3

ఆరోన్,

పోవద్దన్నావు కాబట్టే పోయాను. నిన్న గాంధీ జయంతి సెలవు. కాలేజీ ఆఫీసు మాత్రం తెరిచే ఉంటుందన్నారు. పొద్దున్నే బందరు బస్సెక్కాను.

రాజ్యలక్ష్మి గారు నన్ను చూసి, "మీరేనాండీ ఈ బల్ల చేసింది? రండి, కూర్చోండి. చొక్కా మాత్రం జాగ్రత్తండీ" అన్నారు. తన చీర కుచ్చిళ్ళు చూపించారు. గోధుమరంగు మరకలు, బారుగా. "బల్ల అందంగానే ఉందండీ. వచ్చినవాళ్ళంతా ఎక్కడ కొన్నారని అడుగుతున్నారు. కానీ జలుబు చేసిన పిల్లాడి ముక్కులా మూలల్లోంచి కారుతూనే ఉందండీ. వెనక్కి పంపేద్దామంటే మీ ఆరోన్ గారు నా చేతులు పట్టుకున్నంత పని చేశారు. ఏమైనా చెయ్యండమ్మా, వెనక్కి మాత్రం పంపొద్దని. రెండు ఆదివారాలు ఆయనే వచ్చి రంగు పూసి వెళ్ళారు పాపం."

పాపమట!

నేను మోకాళ్ళ మీద కూర్చుని బల్ల కింద చెయ్యి పెట్టాను. నా చేతికి ఏం తగిలిందో తెలుసా? ఆకురాయి గీతలు. ప్రతి నాలుక మీదా. అద్దంలాంటి రంగును ఇనుము కనబడేదాకా రాకి పారేశారు. రంగు పోయినచోట తుప్పు రాక తులసి మొలుస్తుందా? ఉప్పుగాలి అంటావా నాతో? పూర్వం నీ పేరే ఉన్న ఒకాయన బంగారు దూడను చేసిపెట్టి, అడిగితే ఏమన్నాడు? "వాళ్ళు బంగారమిచ్చారు, నిప్పులో వేశాను, ఈ దూడ బయటికొచ్చింది." నువ్వూ అంతే. గాలి వీచింది, తుప్పు బయటికొచ్చింది! రెండు నెలలు నేను ఏడుకొండలు గారితో కొట్లాడి, నవ్వులపాలై, మడత మడతా ప్రార్థించి చేసిన పనిని నీ ముగ్గురు సోమరులు అరచేత్తో నొక్కడానికి బద్ధకించి ఆకురాయితో చంపారు. నువ్వు దాచిపెట్టావు. నిన్ను నిలబెట్టినందుకు నాకు నువ్విచ్చిన ప్రతిఫలం ఇదా?

డేనియల్


హనుమాన్ జంక్షన్
అక్టోబరు 6

బావా,

ఒక్కసారి మీ ప్రసంగం ఆపి నా మాట వినండి. ఈ ఉత్తరం మధ్యలో వదిలెయ్యకుండా చివరిదాకా చదవండి.

ఆగస్టు రెండున మొదటి బల్ల విప్పాం. అరచేత్తో నొక్కాను. దూరలేదు. ఇద్దరం నొక్కాం. ముగ్గురం ఎక్కి కూర్చున్నాం. దూరలేదు. మావాణ్ణి ఒకణ్ణి తిట్టాను కూడా, పలక తిరగేసి పెట్టావా అని. పెట్టలేదు. అప్పుడు ఒక నాలుక మీద రంగు గోకి పెట్టాను. మీరు చెప్పినట్టే, వెంట్రుక పట్టకుండా, చక్కగా కూర్చుంది.

అర్థమైందా బావా? మీకూ నాకూ పని చేతికొచ్చినప్పటి నుంచి బీరువా కానీ బల్ల కానీ, ముందు బిగించాం, తర్వాత రంగు వేశాం. మీ శాంపిలు కూడా అలాగే చేశారు. ఈ బల్ల అలాంటిది కాదు. ముందు రంగు, తర్వాత బిగింపు. మీరు గాడిని వట్టి రేకుకు కొట్టారు. రంగు మందం మీ కొలతలో లేదు. తప్పు ఉప్పుగాలిది కాదు. నా ముగ్గురు సోమరులది కూడా కాదు. మీది.

ఒక్కో బల్లకు పదహారు నాలుకలు. అరవై బల్లలకు తొమ్మిది వందల అరవై. తొమ్మిది రోజులు రాకాం. మావాళ్ళ వేళ్ళకు బొబ్బలెక్కి అన్నం చెంచాతో తిన్నారు. వాళ్ళను మీరు సోమరులన్నారు.

ఎందుకు చెప్పలేదంటారా? వెనక్కి పంపితే మీ నోరు మూతపడుతుంది. అందరి ముందూ మీరే అన్నారు. నన్ను నిలబెట్టిన నోరు అది. దాన్ని నా చేతులతో ఎలా మూయను? పోనీ, మెల్లగా చెబుదామని "వదులు" అని ఒక్క మాట రాశాను. ఒక పేజీ బోధ వచ్చి పడింది. మీకు చెప్పడం ఎలాగో మీరే చెప్పండి. మీరు చెప్పేటప్పుడు షెడ్డంతా వింటుంది. మీకు ఎవరు చెప్పాలి?

ఇప్పటికీ ఒక్క బల్లా గేటు లోపలికి రాలేదు. రానివ్వను. వారం వారం వెళ్ళి రంగు పూస్తాను. రెండో విడత ఇంకా రంగుకి పోలేదు కదా, ఎవరికీ చెప్పకుండా గాడులు వెడల్పు చేయించండి. ఏడుకొండలు గారికి తెలియనక్కర్లేదు.

ఆరోన్


ఆటోనగర్, విజయవాడ
అక్టోబరు 9, పొద్దున ఆరు

ఆరోన్, నాన్నా,

నీ ఉత్తరం మొన్న అందింది. చదివి, పచ్చి అబద్ధమని అరిచాను. మీ అక్క పప్పు గరిటె అలాగే పట్టుకొచ్చి, "అరవకండి. వెళ్ళి కొలవండి" అంది.

నిన్న కొలిచాను. రెండో విడతలోంచి రంగు వెయ్యని పలకలు రెండు తీసుకున్నాను. నాలుక గాడిలో ఇలా పెడితే అలా కూర్చుంది. నీ ఉత్తరాన్ని ముక్కలుగా చించాను, కోప్పడకు. రంగు పొర ఇంచుమించు ఆ కాగితమంత ఉంటుంది. నాలుకకు అటొకటి ఇటొకటి, గాడికి అటొకటి ఇటొకటి అంటించాను. నాలుగు కాగితాలు. అరచేత్తో నొక్కాను. దూరలేదు. పిడికిలితో గుద్దాను. నా చెయ్యి వాచింది గానీ అది దూరలేదు. నీ "మీది" అన్న మాట ఉన్న ముక్క గాడి అంచుకు చుట్టుకుని పైకి చూస్తూ ఉంది.

ముప్పై ఏళ్ళు రేకు పట్టినవాడికి రంగుకు మందం ఉంటుందని తోచలేదు! నీ కంటిలో నలుసు వెతుక్కుంటూ బందరు దాకా బస్సెక్కి పోయాను. నా కంటిలో దూలం పెట్టుకుని. ఈ వాక్యం మీకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఎదుటివాళ్ళకే చెప్పాను.

నిన్న అన్నాల వేళ లేచి అందరి ముందూ ఒప్పుకున్నాను. ఏడుకొండలు గారు క్యారేజీ మూత పెట్టి, "అంటే స్వీటు డబ్బాకి మూత పట్టలేదన్నమాట" అన్నారు. ఈసారి నేనూ నవ్వాను, ఏం చెయ్యను. తర్వాత ఆయన నన్ను పక్కకు పిలిచి, మెల్లగా, "పోనీలే డేనియలూ. కాలేజీవాళ్ళు బల్ల బాగుందనే అంటున్నారు. గాడులు వెడల్పు చేసుకో, మిగతావి చేద్దాం. పాతవాటికి ఆరోన్ రంగు పూస్తున్నాడుగా. వెనక్కి రాకపోతే నీ ఒట్టూ ఉంటుంది, నీ వాక్యమూ ఉంటుంది" అన్నారు. అంత దయగా ఆయన నాతో ఎన్నడూ మాట్లాడలేదు. నువ్వూ అదే రాశావు. ఇద్దరూ ప్రేమతోనే అన్నారు. అందుకే నాకు ఇంకా మంట.

సొట్టను పుట్టీతో దాచే బల్ల వద్దనే కదరా ఇదంతా మొదలుపెట్టాను? ఇప్పుడు నాకు నేనే పుట్టీ పెట్టుకుని, పైన నిగనిగలాడుతూ నిలబడి వాక్యం చెప్పనా? కింద చెయ్యి పెట్టి తడిమేవాడు ఒకడున్నాడు కదా పైన!

రెండో విడత గాడులు అర మిల్లీమీటరు వెడల్పు చేయిస్తున్నాను. నీ మాటే నెగ్గింది. వదులే. నీ గోడౌనులో ముగ్గురికీ నా క్షమాపణ చదివి వినిపించు. వాళ్ళను సోమరులన్న ముక్క కూడా దాచకుండా చదువు.

ఇక విను. సురేష్ ఈ ఉత్తరంతో వ్యాను తెస్తున్నాడు. అందులో మన షెడ్డులోని పాత బల్లలు పన్నెండున్నాయి, వెల్డింగు బుడిపెలతో సహా. కొత్తవి వచ్చేదాకా బందరు ఆఫీసుకు అవే ఆధారం. కింద చెయ్యి పెట్టవద్దని రాజ్యలక్ష్మి గారితో చెప్పు. బందరులో వాటిని దింపి మన బల్లలు పన్నెండు ఎక్కించు. ఆవిడ బల్ల ముందు. మిగతావన్నీ, గుడివాడవి కూడా, ఈ వారంలోపల. రంగు ఊడదీసి, గాడులు సరిచేసి, మళ్ళీ రంగు వేసి పంపుదాం. ఏడుకొండలు గారు గొణిగారు, గొణగనీ. మళ్ళీ పైపు ఫ్రేమే అంటారేమో, ఆ కొట్లాట నేను కొట్లాడతాను. నా నోరు అన్నాల వేళకే మూత, మిగతా పూటంతా తెరిచే ఉంటుంది.

నా ఒట్టు గురించి జాలిపడకు. తప్పుడు ఒట్టే. పెట్టుకున్నవాడే మొయ్యాలి. కానీ రేపు అన్నాల వేళ ఆ షెడ్డులో ఎవరో ఒకరు నిలబడాలి. తొమ్మిది వందల అరవై నాలుకలు రాకి, రెండు నెలలు ఒక్క మాట అనకుండా ఉండి, అనాల్సిన రోజున మొహం మీద అన్నవాడు ఒకడున్నాడు. అతను చెబితే నేను మూల కూర్చుని వింటాను. కూర చల్లారితే చల్లారనీ.

సాయంత్రం నాలుగింటికి గేటు దగ్గర నిలబడి ఉంటాను. ఆ మొదటి బల్లను నా చేతులతో నేనే దింపాలి, షెడ్డంతా చూడాలి. ఇంకో ఆదివారం రంగు డబ్బా పట్టుకుని పోదామనుకోకు, వాన తగ్గాక చూద్దామనుకోకు. ఆ టీ గ్లాసు కింద పెట్టు. సురేష్ ఇంజను ఆపకుండా బయట నీకోసం చూస్తున్నాడు. లే ఆరోన్, వ్యానెక్కు. ఈ రోజే నా బల్లను నా దగ్గరికి తీసుకురా.

నీ బావ
డేనియల్